ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక ఏం మిగిలింది?

పగబట్టిన ఆత్మ కథను కట్టే పద్ధతి గురించి, ‘అరుంధతి’ని ముందు పెట్టుకుని

“అక్కా, ఒక పాత బంగళా. ఊరికి దూరంగా ఉంటుంది. అందులోకి ఒక ఫ్యామిలీ దిగుతుంది. రాత్రిళ్లు గజ్జెల చప్పుడు. ఇంటర్వెల్‌కి హీరోయిన్ ఒంట్లోకి ఆత్మ వచ్చేస్తుంది. సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్. ఆ ఆత్మ ఎవరు, ఆమెను ఎవరు ఎంత ఘోరంగా చంపారు, అంతా చూపిస్తాం. థియేటర్లో ఏడవనివాడు ఉండడక్కా.”

కృష్ణానగర్‌లో కథాచర్చలకు కూర్చునేవాళ్లందరికీ ఈ కథ కంఠతా వచ్చేసి ఉంటుంది. బంగళా కాస్తా అపార్ట్‌మెంటు అవుతుంది, గజ్జెలు పోయి అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది, వరస మాత్రం మారదు. ఈ కథ తెచ్చే కుర్రవాళ్లను నేను చిన్నచూపు చూడను. దెయ్యం సినిమా తక్కువ ఖర్చులో అవుతుంది. పేరున్న హీరో డేట్ల కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు. కొత్త దర్శకుడికి మొదటి అవకాశం తెచ్చిపెట్టే కథ అది. అందుకే శ్రద్ధగా వింటాను. విన్నాక ఒక్కటే అడుగుతాను: “ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక ఏం మిగిలింది?”

“ఏముందక్కా, క్లైమాక్సే. ఆత్మ పగ తీర్చుకుంటుంది.”

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఫ్లాష్‌బ్యాక్ ముగిసేసరికి చంపినవాడు ఎవరో ప్రేక్షకుడికి తెలిసిపోయింది. చచ్చింది ఎవరో తెలిసిపోయింది. ఇక చావబోయేది ఎవరో కూడా తెలుసు. ఆ తర్వాత తెర మీద జరిగేదంతా అతను ఊహించినట్టే జరిగితే, జుట్టు ఎంత విరబోసుకున్నా, సౌండు ఎంత పెంచినా భయం రాదు. వెనక వరసల్లో సెల్‌ఫోన్లు వెలుగుతాయి. పగబట్టిన ఆత్మ కథల్లో చాలావాటికి ప్రాణం పోయేది ఇక్కడే. బతికినవి ఎలా బతికాయో చెప్పడానికే ఈ వ్యాసం. సినిమా రాసేవాళ్లకంటే చూసేవాళ్ల కోసమే రాస్తున్నాను. కథ ఎలా కట్టారో తెలిసినా చూసే ఆనందం తగ్గదు, పెరుగుతుంది. నా అనుభవం అదే.

నాలుగు ప్రశ్నలు

పగబట్టిన ఆత్మ కథ ఏ భాషదైనా, ఏ దేశానిదైనా నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఒకటి, జరిగిన అన్యాయం ఏమిటి? రెండు, బతికుండగా అది ఎందుకు తీరలేదు? ఊళ్లో పెద్దమనుషులు ఉన్నారు, పోలీసులు ఉన్నారు, కోర్టులు ఉన్నాయి. వాళ్లంతా ఏం చేశారు? మూడు, చచ్చాక ఆత్మకు అంత శక్తి వచ్చింది కదా, వెంటనే ఎందుకు చంపేయలేదు? దేనికోసం ఆగింది? నాలుగు, పగ తీరాక ఆ ఆత్మ ఏమవుతుంది, బతికున్నవాళ్లు ఏమవుతారు?

మొదటి ప్రశ్నకు అందరూ బాగా రాస్తారు. రెండోదానికి రాసే జవాబును బట్టి ఆ కథకు సమాజం మీద చూపు ఉందో లేదో తెలుస్తుంది. తేలిగ్గా వదిలేసేది మూడోదాన్ని. ఏదైనా చేయగల ఆత్మ ఉన్నచోట కథే ఉండదు. మొదటి రాత్రే అందర్నీ చంపి వెళ్లిపోవచ్చు. ఆత్మకు ఒక హద్దు ఉండాలి. సమాధి, తాళం వేసిన గది, ఒక తిథి, ఒక ఒళ్లు, ఏదో ఒకటి దాన్ని ఆపాలి. ఆ హద్దు ఎంత గట్టిదైతే కథకు అంత నిడివి వస్తుంది. ఆ హద్దు తొలగిపోతున్నప్పుడే ప్రేక్షకుడికి అసలైన వణుకు పుడుతుంది.

నాలుగో ప్రశ్న దగ్గరే నా ప్రశ్న కూడా ఉంది.

అంబ దగ్గర నేర్చుకోవాల్సింది

ఈ కథనానికి మన దగ్గర పాత నమూనా మహాభారతంలోని అంబ. భీష్ముడు తన తమ్ముడు విచిత్రవీర్యుడి కోసం కాశీరాజు కూతుళ్లు ముగ్గుర్నీ స్వయంవరం నుంచి ఎత్తుకొస్తాడు. పెద్దమ్మాయి అంబ అప్పటికే సాల్వుణ్ణి మనసులో వరించింది. ఆ సంగతి చెబితే భీష్ముడు పంపించేస్తాడు. సాల్వుడేమో మరొకడు గెలిచి తీసుకెళ్లిన పిల్ల నాకు వద్దంటాడు. తిరిగొస్తే ఇక్కడా చోటు లేదు. బ్రహ్మచర్య వ్రతం పట్టిన భీష్ముడు తనైనా పెళ్లాడడు. పరశురాముడంతటివాడు ఆమె తరఫున భీష్ముడితో యుద్ధం చేసినా ఫలితం తేలలేదు. అంటే బతికుండగా తొక్కాల్సిన గడపలన్నీ తొక్కింది. రెండో ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు ఎవరు రాయగలరు?

ఆ తర్వాత తపస్సు, శివుడి వరం, అగ్నిప్రవేశం. ద్రుపదుడి ఇంట ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా మారి, శిఖండిగా కురుక్షేత్రానికి వస్తుంది. పదోరోజు శిఖండిని ముందు నిలుపుకుని అర్జునుడు బాణాలు వేస్తే భీష్ముడు నేలకొరుగుతాడు.

నన్ను ఆశ్చర్యపరిచేది వ్యాసుడు ఈ గతాన్ని పెట్టిన చోటు. అంబను ఎత్తుకొచ్చిన ఘట్టం ఆదిపర్వంలోనే వచ్చేస్తుంది. ఆమె తపస్సు, చావు, మళ్లీ పుట్టుక మాత్రం ఉద్యోగపర్వం చివర్న, యుద్ధం రేపోమాపో అనగా వస్తాయి. చెప్పేది ఎవరు? భీష్ముడే. శిఖండి మీద ఎందుకు బాణం వేయవని దుర్యోధనుడు అడిగితే తన చావు వెనకున్న కథను తన నోటితోనే చెబుతాడు. అక్కడి నుంచి కౌరవసేనకు ఆయన ఎన్ని విజయాలు తెచ్చినా మన కళ్లు శిఖండి రథం కోసం వెతుకుతూనే ఉంటాయి. ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక ఏం మిగిలిందంటే, కురుక్షేత్రమే మిగిలింది. గతం చెప్పడాన్ని వ్యాసుడు అక్కడ కథను మూసేయడానికి వాడలేదు, తెరవడానికి వాడాడు.

జరిగిన వరస, చెప్పే వరస

ఏ కథకైనా జరిగిన వరస ఒకటి, చెప్పే వరస ఒకటి ఉంటాయి. పగబట్టిన ఆత్మ కథలో జరిగిన వరస నేరుగా ఉంటుంది: నేరం, చావు, నిరీక్షణ, తిరిగి రాక, ప్రతీకారం. అదే వరసలో చెబితే మొదటి అరగంటలోనే కన్నీళ్లయిపోతాయి, మిగతాదంతా హత్యల జాబితా. అందుకని సినిమా చివరి నుంచి మొదలుపెడుతుంది. ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత నీడ కనిపిస్తుంది, ఆ తర్వాత పేరు తెలుస్తుంది, అన్నిటికంటే చివర కారణం. మన సినిమాలకు ఇంటర్వెల్ అనే మలుపు తప్పనిసరి కాబట్టి, ఆత్మ ఉందని తేలేది చాలావరకు అక్కడే. కారణం తేలేది సెకండాఫ్ మధ్యలో.

ఈ ఏర్పాటులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. సినిమా సగం వరకూ మనం ఆత్మకు భయపడతాం, ఫ్లాష్‌బ్యాక్ తర్వాత ఆత్మ పక్షాన నిలబడతాం. 2011లో రాఘవ లారెన్స్ తీసిన ‘కాంచన’ దీన్ని పూర్తిగా వాడుకుంది. ఫస్టాఫ్ అంతా మనల్ని హడలగొట్టిన ఆత్మ, కన్నవాళ్లు గెంటేసిన ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిదని తెలుస్తుంది. శరత్‌కుమార్ ఆ పాత్ర వేసిన తీరు చూసి, మామూలుగా అలాంటివాళ్లను ఎగతాళి చేసే జనం కూడా థియేటర్లో మౌనంగా కూర్చున్నారు. అయితే ఆ సినిమా నిలబడింది ఆ ఒక్క కారణంతో కాదు. ఫ్లాష్‌బ్యాక్ విన్న హీరో రాఘవ ఒక నిర్ణయం తీసుకుంటాడు. అంతకుముందు తన ఇష్టం లేకుండా ఒంట్లోకి దూరిన ఆత్మను ఈసారి తనే పిలుస్తాడు. దెయ్యమంటే చచ్చేంత భయపడే మనిషి, న్యాయం కోసం తన ఒంటిని తానే అప్పగిస్తాడు. ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక మిగిలింది ఆ నిర్ణయం.

‘చంద్రముఖి’ (2005)కి మూలమైన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’ (1993) ఇంకో దారి పట్టింది. దర్శకుడు ఫాజిల్. అక్కడ నాగవల్లి ఆత్మ నిజంగా ఉందా, కథానాయిక గంగ మనసే అలా మారిందా అన్నది డాక్టరుకు తేలిపోయింది. అయినా నువ్వు నాగవల్లివి కావని ఆమెకు చెబితే లాభం లేదు. పగ తీరిందని ఆమె నమ్మాలి. అందుకోసం చంపాల్సిన మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, ఆమె చేతే నరికిస్తారు. ఫ్లాష్‌బ్యాక్‌లో తెలిసిన పాత నేరాన్ని ఈసారి వేరే ముగింపుతో మళ్లీ ఆడించడమన్నమాట. తీర్పు నాటకమే, దానివల్ల కలిగిన ఉపశమనం మాత్రం నిజం. ఇక్కడా గతం తెలిశాకే అసలు పని మొదలైంది.

‘అరుంధతి’: పగ ఎవరిది?

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన సినిమాకు వస్తాను. 2009 జనవరి 16న విడుదలైన ‘అరుంధతి’. నిర్మాత శ్యామ్‌ప్రసాద్ రెడ్డి, దర్శకుడు కోడి రామకృష్ణ. సెంథిల్ కుమార్ కెమెరా, కోటి సంగీతం. అనుష్కను తెలుగు ప్రేక్షకులు ఇంటి ఆడబిడ్డగా చూడటం మొదలుపెట్టింది ఈ సినిమాతోనే.

మాది బనగానపల్లె దగ్గర పల్లె. ఈ సినిమా తీసిన బంగళా చిన్నప్పుడు మాకు నవాబు బంగళా. ఇప్పుడు యాగంటి దర్శనానికి వచ్చే జనం దారి అడిగేది ‘అరుంధతి బంగళా’ అనే. సినిమాలో ఆ కోట గద్వాల సంస్థానానిది. ఆ ఎంపిక గురించి తర్వాత చెబుతాను. ముందు ఆ బంగళా కథకు చేసిన మేలు చెప్పాలి. పాడుబడిన గోడ తెర మీద కనబడగానే, ఇది ఒకప్పుడు వైభవంగా ఉండేదన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఫ్లాష్‌బ్యాక్ రాబోతోందని ఆ గోడే చెబుతుంది. ఈ తరహా సినిమాల్లో శిథిల భవనం సెట్టింగు కోసమే ఉండదు. కథ చెప్పే పనిలో సగం దానిదే.

అరుంధతి ఆ వంశంలో జేజమ్మ అనే పూర్వీకురాలి తర్వాత పుట్టిన మొదటి ఆడబిడ్డ. సొంత తాతే ఆమెను జేజమ్మా అని పిలుస్తాడు, పెద్దావిడకు ఇచ్చే గౌరవం ఇస్తాడు. ఆ పిలుపు మొదట్లో మనకు ముద్దుగా అనిపిస్తుంది. పెళ్లి దగ్గరపడిన సమయంలో పశుపతి ఆత్మ ఆమెను మాయ చేసి పాడుబడిన కోటకు రప్పిస్తుంది. సోనూసూద్ రూపానికి రవిశంకర్ గొంతు తోడైన పాత్ర అది. ఆ గొంతు పిలిచే ‘బొమ్మాళీ’ అన్న పిలుపు తర్వాత ఆయన ఇంటిపేరులా స్థిరపడిపోయింది. ఆ ఆత్మ ఎందుకు తన వెంట పడుతోందో అరుంధతికి తెలియదు. చంద్రమ్మ పాత్ర వేసిన మనోరమ నోటివెంట గతం వింటుంది.

ఇక్కడే ఈ కథ మామూలు దారి తప్పుతుంది. అలవాటు ప్రకారం పగబట్టిన ఆత్మ అన్యాయానికి బలైన మనిషిది కావాలి. పశుపతి బలైనవాడు కాదు, బలి చేసినవాడు. జేజమ్మ అక్క భార్గవికి మొగుడు. నాట్యం నేర్పే అంధురాలిని చెరిచి చంపాడు. అది తట్టుకోలేక భార్గవి ప్రాణం తీసుకుంది. అప్పటికి చిన్నపిల్ల అయిన జేజమ్మ ఊరి జనాన్ని కదిలించి అతణ్ణి కొట్టించింది, గుర్రానికి కట్టి ఈడ్పించింది. చావాల్సినవాడిని అఘోరాలు బతికించారు. క్షుద్రవిద్యలు నేర్చుకుని, ఆమె పెళ్లి వేళకు తిరిగొచ్చాడు. అంటే పశుపతి పగ, తనకు పడిన శిక్ష మీద పగ. శిక్షను అవమానంగా తీసుకున్నవాడి పగ.

ఒకవైపు అతని పగ, మరోవైపు అతని చేతిలో నష్టపోయిన జేజమ్మ పగ, ఈ రెండూ ఎదురెదురుగా నిలబడటం వల్ల ఫ్లాష్‌బ్యాక్ చూశాక ఆత్మ మీద జాలి కలగదు. దాన్ని మించిన భయం కలుగుతుంది. వీడు బతికుండగానే ఇంత చేశాడు, ఇప్పుడు ఒళ్లు కూడా లేదు, వీడిని ఎవరు ఆపగలరు? మిగతా సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ భయాన్ని తగ్గిస్తే, ఇందులో పెంచింది. 

హద్దు కట్టిన తీరు

మూడో ప్రశ్నకు ఈ సినిమా ఇచ్చిన జవాబు చూడండి. పశుపతి బలం మంత్రం, మంత్రానికి నాలుక కావాలి. తిరిగొచ్చిన పశుపతి ముందు జేజమ్మ డప్పులతో నాట్యం చేస్తుంది. అతను మైమరచిన అదను చూసి నాలుక కోసేస్తుంది. షాండ్లియర్ అతని మీద కూలుతుంది. అంతా అయిపోయిందనుకుంటాం. కానీ అతణ్ణి చంపడానికి వీల్లేదు. చంపితే ఆత్మ విడుదలై మరింత భయంకరమవుతుంది. అందుకని కొనప్రాణం ఉండగానే సమాధి కట్టి, యంత్రాలతో బంధిస్తారు.

చంపగలిగిన శత్రువును చంపకూడని పరిస్థితి ఎంత బలమైనదో కథలు రాసేవాళ్లకు తెలుస్తుంది. ఆ ఒక్క నిబంధనతో ఇన్నేళ్లు ఆత్మ ఎక్కడుంది, ఇప్పుడే ఎందుకు బయటికొచ్చింది, సమాధి తెరుచుకుంటే అంత ప్రమాదం ఎందుకు అన్న మూడు సందేహాలకూ ఒకేసారి సమాధానం దొరికింది. రచయిత వేరే సీన్లు రాసి వివరించనక్కర్లేకపోయింది.

ఇక అసలు మలుపు. బంధించినా వాడి పీడ పూర్తిగా పోలేదు. వాడిని అంతం చేసే ఆయుధం జేజమ్మ ఎముకలతోనే తయారవ్వాలి. అందుకు ఆమె యాతన పడి చావాలి. తలమీద కొబ్బరికాయలు పగలగొట్టించుకుంటూ ఆమె ప్రాణాలు వదులుతుంది, ఇదే వంశంలో మళ్లీ పుడతానని మాటిస్తుంది. నంద్యాలలో మా అమ్మ పక్కన కూర్చుని ఈ సినిమా చూశాను. ఆ సీనులో అమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఇంత చేసి ఆయమ్మ మళ్లా పుట్టకపోతే ఎట్లనే?” అంది. పుట్టిందని అమ్మకు తెలుసు. గంట నుంచి తెర మీద చూస్తూనే ఉంది. అయినా అడిగింది. ఎందుకంటే ఆ క్షణం వరకూ అరుంధతి అందమైన పెళ్లికూతురు మాత్రమే. ఆ క్షణం నుంచి ఆమె మీద ఒక బాకీ పడింది. ముందు తరం మనిషి ప్రాణం పెట్టి చేసిన అప్పును ఈ పిల్ల తీర్చాలి. మొదట్లో ముద్దుగా వినిపించిన ‘జేజమ్మ’ పిలుపు ఇప్పుడు బరువెక్కింది.

ఫ్లాష్‌బ్యాక్ అయ్యాక ఏం మిగిలిందన్న ప్రశ్నకు ఇంత నిండైన జవాబు తెలుగు తెర మీద నాకు మరోటి కనపడలేదు. ఆయుధం ఉంది, ఎక్కడో ఉంది. దాన్ని పట్టాల్సిన మనిషి ఉంది, ఆమెకు గత జన్మ నైపుణ్యాలేవీ లేవు. తోడున్నది ఫకీరు అన్వర్ ఒక్కడు. సాయాజీ షిండే ఆ పాత్రలో చూపిన ఆర్తి మర్చిపోలేనిది. ఆత్మ ఆమె మనుషులను ఒక్కొక్కరినే పట్టి పీడిస్తోంది. ఆయుధం దొరికినా చాలదు, అది ఆమె రక్తంలో తడవాలి. జేజమ్మ ఎముక, అరుంధతి రక్తం కలిస్తే తప్ప పశుపతి చావడు. ఆమె ఓడిపోయిందని మనం నిశ్చయించుకున్న చోట ఆ కలయిక జరుగుతుంది. సగం మూల్యం పాత తరం చెల్లించింది, మిగతా సగం కొత్త తరం చెల్లించింది. 

దధీచి ఎముకలు

ఎముకల ఆయుధం మనవాళ్లకు వింతగా తోచలేదు. వృత్రాసురుణ్ణి చంపడానికి దధీచి మహర్షి తన ఎముకలిచ్చిన కథ, వాటితో వజ్రాయుధం చేసిన కథ భాగవతం ఆరో స్కంధంలో ఉంది. పల్లెలో అక్షరం రానివాళ్లకూ తెలిసిన కథ అది. ‘అరుంధతి’ చేసిన సాహసం ఏమిటంటే, ఎముకలిచ్చిన దధీచినీ ఆయుధం పట్టిన ఇంద్రుణ్ణీ ఒకే స్త్రీని చేసింది. పురాణంలో త్యాగం ఒకరిది, విజయం మరొకరిది. ఇక్కడ రెండూ ఆమెవే.

ఇదే నిర్మాత, ఇదే దర్శకుడు 1995లో ‘అమ్మోరు’ తీశారు. అందులో సౌందర్య వేసిన భవాని కష్టంలో పడినప్పుడల్లా అమ్మోరు తల్లే దిగివస్తుంది. చివర్లో దుర్మార్గుణ్ణి చంపేది కూడా రమ్యకృష్ణ రూపంలో ఉన్న అమ్మోరే. భవాని చేయాల్సింది నమ్మడం, భరించడం. ఆ సినిమా అంటే నాకు ఇష్టం. అయినా రెండింటి మధ్య పద్నాలుగేళ్లలో ఆడమనిషి కథలో నిలబడిన చోటు ఎంత మారిందో గమనించాలి. దేవత దిగి రావడం ఆగింది. మనిషే తనను తాను ఆయుధంగా మలచుకుంది.

గద్వాల ఎంపిక కూడా నాకు సబబుగా తోస్తుంది. పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న సంస్థానం అది. దాని చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. సినిమా కథ కల్పితమే. కానీ ఒక స్త్రీ మాట సంస్థానమంతా శిరసావహించడం ఆ నేల మీద నమ్మశక్యం కాని సంగతేమీ కాదు.

సముద్రానికి అవతల

ఈ తరహా కథకు జపాన్ పెట్టింది పేరు. 1825లో ఎడో నగరపు కబుకీ రంగస్థలం మీద ‘యోత్సుయా కైదాన్’ నాటకం ఆడారు. రచయిత నాలుగో త్సురుయా నాన్‌బోకు. ఇయెమోన్ అనే సమురాయ్ భార్య ఓయివా. పొరుగింటివాళ్లు మందని పంపిన విషం తాగి ఆమె ముఖం వికృతమైపోతుంది, తల దువ్వుకుంటే జుట్టు ఊడి వస్తుంది, ఘోరంగా చనిపోతుంది. ఇయెమోన్ కొత్త పెళ్లికూతురి ముసుగు తొలగిస్తే ఓయివా ముఖం కనబడుతుంది. కత్తి దూసి నరుకుతాడు. తెగింది నిజమైన కొత్త పెళ్లికూతురి తల. ఇక్కడ ఆత్మకు పెట్టిన హద్దు చూడండి. ఓయివా ఆ పిల్ల మీద చెయ్యి వేయదు. అతని కళ్లను మాత్రం పట్టుకుంది. చంపేది అతని చేతులే. నేరం చేసినవాడి చేతే శిక్ష అమలు చేయించిన ఆ ఒక్క ఆలోచన మీద ఎన్నో సినిమాలు వచ్చాయి.

1998లో హిదెయో నకాతా తీసిన ‘రింగు’ మన నాలుగో ప్రశ్నను తలకిందులు చేసింది. ఒక వీడియో టేపు చూసినవాళ్లు ఏడు రోజుల్లో చనిపోతారు. విలేకరి రేకో, ఆమె మాజీ భర్త కలిసి వెతికి, బావిలో పడేసిన సదాకో అనే అమ్మాయి అస్థిపంజరాన్ని బయటికి తీస్తారు. గడువు దాటినా రేకో బతికే ఉంటుంది. ఆత్మ శాంతించింది, కథ అయిపోయింది అనుకుంటాం. మర్నాడు సదాకో టీవీలోంచి బయటికి వచ్చి ఆ మాజీ భర్తను చంపుతుంది. రేకో బతికింది బావిలోంచి ఎముకలు తీసినందుకు కాదు, ఆ టేపుకు కాపీ తీసి మరొకరికి చూపించినందుకు. గతం తెలుసుకుని జాలిపడితే సరిపోతుందన్న మన నమ్మకాన్నే ఆ సినిమా కొట్టింది. జాలి పడటం న్యాయం చేయడం కాదు కదా. ఆ ముగింపు గుర్తొచ్చినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది.

చచ్చిన ఆడమనిషికి బతుకు రాయండి

నాకు బాధ కలిగించే సంగతి ఒకటి సూటిగా చెప్పాలి. ఫ్లాష్‌బ్యాక్ బలంగా ఉండాలంటే అత్యాచారం సీను పెట్టాలనుకునే అలవాటు మన కథాచర్చల్లో పాతుకుపోయింది. “ఎంత క్రూరంగా ఉంటే పగకు అంత జస్టిఫికేషన్” అంటారు. అక్కడ స్త్రీ ఒక మనిషిగా ఉండదు, ఒక కారణంగా ఉంటుంది. నవ్వుతూ ఒక పాట, తర్వాత చావు. ఆమెకు ఇష్టమైన పని ఏమిటి, రేపు ఏం చేయాలనుకుంది, ఎవరితో పోట్లాడింది, ఏదీ రాయరు.

‘అరుంధతి’ ఈ విషయంలో సగం నెగ్గింది. జేజమ్మ బొమ్మలు వేస్తుంది, నాట్యం చేస్తుంది, ఆయుధం పడుతుంది, జనానికి ఆజ్ఞ ఇస్తుంది, తన చావును తానే నిర్ణయించుకుంటుంది. ఆమె చనిపోతే ఒక సంపూర్ణమైన మనిషి పోయినట్టు ఉంటుంది. కానీ నాట్యగురువుకు, భార్గవికి ఆ అదృష్టం దక్కలేదు. వాళ్లు పశుపతి ఎంత దుర్మార్గుడో చెప్పడానికి వచ్చి వెళ్లిపోయారు. ఆ అంధురాలు తాళం విని శిష్యురాలి అడుగు తప్పును పట్టుకునే సీను ఇంకొక్కటి ఉంటే, ఆమె చావు మనల్ని ఇంకెంత కుదిపేదో!

అందుకే నా దగ్గరికొచ్చే వాళ్లకు చెబుతాను. హింస ఎంతసేపు చూపించాలన్న లెక్క పక్కన పెట్టండి. ఆమె బతికిన బతుకు ఎంతసేపు చూపిస్తారో చెప్పండి. పోయినదాని విలువ తెలిస్తేనే పగకు బలం వస్తుంది. ‘కాంచన’లో శరత్‌కుమార్ పాత్ర గుర్తుండిపోయింది ఆమెను చంపిన తీరు వల్ల కాదు. తనలాగే ఇంటినుంచి గెంటేసిన ఒక పిల్లను చేరదీసి, డాక్టర్ చదివించాలని ఆమె పడిన తపన వల్ల.

చూసేటప్పుడు ఏం గమనించాలి

ఈసారి ఇలాంటి సినిమాకు వెళ్లినప్పుడు, ఫ్లాష్‌బ్యాక్ ముగిసిన మొదటి సీను మీద కన్నేయండి. గతం విన్న మనిషి ముఖం చూడండి. ఆ మనిషి ఇప్పుడు ఏదైనా తేల్చుకోవాల్సి ఉందా? ఏమైనా పోగొట్టుకోవాల్సి ఉందా? అంతా ఆత్మే చూసుకుంటుంది, మనం పక్కకు తప్పుకుంటే చాలు అన్నట్టుగా కథ సాగితే, ఇక రాబోయేవి గ్రాఫిక్సే. విన్నవాళ్ల మీద బరువు పడితే మాత్రం కుర్చీలో సర్దుకుని కూర్చోండి. కథ అప్పుడే మొదలవుతుంది.

పగబట్టిన ఆత్మ కథ ఇన్ని వందల ఏళ్లుగా, ఇన్ని భాషల్లో బతికి ఉండటానికి నాకు కనబడే కారణం ఇదే. పరశురాముడు యుద్ధం చేసినా అంబకు దక్కనిది, ఓయివాకు ఇంట్లో దక్కనిది, కాంచనకు ఊళ్లో దక్కనిది న్యాయం. దాన్ని దెయ్యాల చేతికి వదిలేసి ఊరుకుంటే మనం చూసింది కాలక్షేపమే అవుతుంది. పోయినవాళ్లకు న్యాయం చేసే పని బతికున్నవాళ్లది. ఆ పనిని ఒక్కరైనా నెత్తికెత్తుకుని, దానికి తమవంతు వెల చెల్లించే సీను లేని కథ ఎవరు తెచ్చినా, ఎంత భయపెట్టినా, దాన్ని మళ్లీ రాసుకు రమ్మనే చెబుతాను.